పీరియడ్‌లో పట్టని సైన్స్: హైస్కూల్లో కొలతల క్లబ్ నడపడం ఎలా

45 నిమిషాల పీరియడ్‌లో పాఠం చెప్పొచ్చు, ఒక ప్రయోగం చేసి చూపించొచ్చు. ఒకే కొలతను పదిసార్లు తీయించి, పదిసార్లూ ఒకే అంకె ఎందుకు రాలేదో పిల్లల చేత వెతికించడం మాత్రం కుదరదు. జూన్‌లో మొదలుపెట్టి డిసెంబరు దాకా సాగే పరిశీలనకు టైంటేబుల్‌లో చోటే లేదు. సహపాఠ్య కార్యక్రమాలు అక్కరకొచ్చేది ఇక్కడే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పరిశోధన, సృజన పెంచే ఇలాంటి పనులు పబ్లిక్ పరీక్షలో భాగం కాకపోయినా బడిలో జరగాలనే చెప్పింది.

జరుగుతున్నది చాలాచోట్ల వేరు. సైన్స్ ఫెయిర్ ప్రకటన వచ్చాక వారం రోజుల హడావిడి, థర్మాకోల్ అగ్నిపర్వతం, సిరంజిలతో కదిలే జేసీబీ, ఇంకుడు గుంత నమూనా. చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటిలో పిల్లలకు తెలియని సంగతేదీ తేలదు, అందుకే జడ్జి ఒక్క ప్రశ్న అడిగితే బట్టీపట్టిన పేరా తప్ప మరోటి రాదు. క్లబ్‌కు పని ఎంచుకునేటప్పుడు ఒకటే పరీక్ష పెట్టండి: జవాబు పుస్తకంలో అచ్చయి ఉందా, లేక కొలిస్తేనే తెలుస్తుందా? రెండో రకానికి నికరంగా నిలిచే పనులు రెండు ఇక్కడ వివరంగా ఉన్నాయి, మధ్యాహ్నపు నీడ, బోరు నీటి కఠినత (అంటే సబ్బు నురుగును అడ్డుకునే లవణాలు ఎంత ఉన్నాయన్నది). రెండింటికీ కలిపి సామాను ఖర్చు వెయ్యి రూపాయల లోపే.

జట్టు, వేళ, నోటుబుక్కు

సభ్యులు 24 మంది చాలు, నలుగురేసి ఆరు జట్లు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి తీసుకోండి. పదో తరగతి వాళ్ల మీద ఆధారపడితే దసరా తర్వాత ప్రత్యేక తరగతులు మొదలై క్లబ్ ఖాళీ అవుతుంది. ఒక్కో జట్టులో కనీసం రెండు తరగతుల పిల్లలుండాలి. అప్పుడు వచ్చే ఏడాదికి పని తెలిసినవాళ్లు మిగులుతారు. బ్యాగు లేని శనివారం ఉన్న బడిలో ఆ మధ్యాహ్నం, లేనిచోట వారంలో చివరి పీరియడ్ ఒకటి హెచ్‌ఎం గారి చేత టైంటేబుల్‌లో రాయించుకోండి. రాతలో లేని పీరియడ్ సబ్‌స్టిట్యూషన్ పాలవుతుంది.

జట్టులో నాలుగు పనులు: కొలిచేవారు, రాసేవారు, గడియారం చూసేవారు, తిరిగి కొలిచి సరిచూసేవారు. ఈ పనులు వారం వారం మారి తీరాలి. పిల్లలకే వదిలేస్తే దస్తూరీ బాగుందని ఆడపిల్లల చేతికి నోటుబుక్కు వెళ్తుంది, టేపూ పైపూ మగపిల్లల చేతిలో ఉండిపోతాయి. ఎవరి వంతు ఏదో నోటుబుక్కు మొదటి పేజీలో తేదీలతో ముందే గీసి పెడితే వాదన ఉండదు.

నోటుబుక్కు జట్టుకొకటి, లాంగ్ నోట్‌బుక్. ప్రతి ఎంట్రీలో తేదీ, గడియారం సమయం, ఆకాశం ఎలా ఉంది, ఎవరు కొలిచారు, అంకె, ఒక వాక్యం వ్యాఖ్య. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయాలి, వైట్‌నర్ పనికిరాదు. మన పిల్లలకు నీట్‌గా ఉన్న పుస్తకానికే మార్కులని అలవాటు. చిత్తుకాగితం మీద రాసుకుని ఇంటి దగ్గర ఫెయిర్ చేసి తెస్తారు, ఆ ఫెయిర్‌లో ఎబ్బెట్టుగా ఉన్న అంకె మాయమవుతుంది. అసలు పనికొచ్చేది ఆ అంకే. కొట్టివేతలున్న పేజీని తరగతి ముందు ఒకసారి మెచ్చుకుంటే ఈ జబ్బు చాలావరకు తగ్గుతుంది.

మధ్యాహ్నపు నీడ

క్లబ్ మొదలైన రోజే, ఏమీ చెప్పకముందు, ఒక కాగితం ఇచ్చి బడి ఆవరణ బొమ్మ గీయించండి. దిక్కులు గుర్తించి, మధ్యాహ్నం 12 గంటలకు జెండా కర్ర నీడ ఎటు పడుతుందో, ఎంత ఉంటుందో వేయమనండి. చాలామంది నీడే వేయరు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడన్నది గట్టి నమ్మకం. ఆ కాగితాలు బీరువాలో దాచండి, డిసెంబరులో కావాలి.

సామాను: ఒక అంగుళం పీవీసీ పైపు 110 సెం.మీ., 20 లీటర్ల పాత పెయింట్ బకెట్, దాన్ని నింపడానికి ఇసుక, 30 సెం.మీ. చెక్క స్కేలు, పది సెంటీమీటర్ల చదరపు అట్టముక్క, దారం, తాపీ మేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు, స్టీలు టేపు, సుద్ద. గుండు దొరకకపోతే దారానికి పెద్ద నట్టు కట్టినా సరిపోతుంది.

అట్ట మధ్యలో 5 మి.మీ. రంధ్రం చేయండి. పైపును బకెట్ ఇసుకలో నిలబెట్టి, పైన స్కేలును అడ్డంగా కట్టి, అది 25 సెం.మీ. బయటికి ఉండేలా చూడండి. స్కేలు చివర అట్టను నేలకు సమాంతరంగా అతికించాలి. స్కేలు బకెట్‌కు తూర్పుకో పడమరకో చాచి ఉండాలి. ఉత్తర దక్షిణాలకు పెడితే మధ్యాహ్నం వెలుగు దారికి పైపో బకెట్టో అడ్డొస్తుంది. ఇప్పుడు రంధ్రం మధ్య నుంచి గుండు వేలాడదీయండి. గుండు మొన నేలను తాకే చోటే మూలబిందువు, అక్కడ సుద్దతో ఇంటూ గుర్తు వేయండి. రంధ్రం నుంచి నేలకు ఎత్తు సరిగ్గా 100 సెం.మీ. వచ్చేదాకా స్కేలును పైపు మీద కిందికో పైకో జరిపి సర్దాలి.

మామూలుగా ఒక కర్ర పాతి, దాని నీడ చివర కొలుస్తారు. దాంతో రెండు చిక్కులు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల మీటరు కర్ర నీడ చివర సెంటీమీటరుకు పైగా మసకబారుతుంది, అందులో ఒక్కో పిల్లాడు ఒక్కోచోట గుర్తు పెడతాడు. రంధ్రమైతే నీడ మధ్యలో గుండ్రటి వెలుగు మచ్చ వస్తుంది, దాని నడుమను రెండు మిల్లీమీటర్ల తేడాలో ఎవరైనా గుర్తించగలరు. రెండో చిక్కు కర్ర వంపు. కర్ర ఒక డిగ్రీ ఒరిగితే కొన దాదాపు 1.7 సెం.మీ. పక్కకు జరుగుతుంది, కంటికి తెలియదు. ఈ ఏర్పాటులో మూలబిందువు గుండు చూపినదే కాబట్టి పైపు కాస్త ఒరిగినా లెక్క చెడదు.

నేల వాలు మాత్రం చెడగొడుతుంది. వాన నీళ్లు పోవడానికి మేస్త్రీలు వరండాకు, గచ్చుకు వాలు పెడతారు. గచ్చు మీద గ్లాసు నీళ్లు పోస్తే ఎటు పారుతుందో చూసి, పారని చోటు వెతకండి. దొరక్కపోతే ఒక చదునైన ప్లైవుడ్ పలక వేసి, రెండు దిశల్లోనూ మట్టం చూసుకుని కింద చెక్కముక్కలు పెట్టండి.

కొలత ఉదయం 11:30 నుంచి మధ్యాహ్నం 1:00 వరకు, ఐదు నిమిషాలకొక గుర్తు. ప్రతి గుర్తు పక్కన సమయం రాయాలి. సూర్యుడు బాగా ఎత్తుకెక్కే వేళ 12:00 గంటలకే ఉండదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, కాబట్టి 16 నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు భూకక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, అక్షం వాలి ఉండడం వల్ల ఏడాదిలో ఈ వేళ అటూ ఇటూ జరుగుతుంది: హైదరాబాద్‌లో నవంబరు మొదట్లో దాదాపు 12:00కి, ఫిబ్రవరి మధ్యలో దాదాపు 12:30కి. కాకినాడలో ఇవి పావుగంట ముందే.

ఒక సంగతి పిల్లలకు ముందే చెప్పండి: సూర్యుణ్ణి చూడకూడదు, రంధ్రంలోంచి అసలే చూడకూడదు. చూపంతా నేల మీద మచ్చ మీదే. మధ్యాహ్న భోజనం ఇదే వేళకు వస్తుంది గనుక జట్టులో ఇద్దరు కొలుస్తుంటే ఇద్దరు తిని రావాలి. బకెట్‌ను ఎవరూ తన్నకుండా చుట్టూ ఒక తాడు కట్టండి. ఎండాకాలపు గాలికి పలుచటి అట్ట ఊగుతుంది, పాత నోటుబుక్కు అట్టలు రెండు కలిపి అంటిస్తే నిలుస్తుంది.

గుర్తులన్నీ అయ్యాక వాటిని కలుపుతూ సాఫీగా ఒక గీత గీసి, మూలబిందువు నుంచి ఆ గీతకు అతి తక్కువ దూరం కొలవండి. అదే మధ్యాహ్నపు నీడ. ఒక్క గుర్తును నమ్మకండి. మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు చాలా మెల్లగా మారుతుంది కాబట్టి పొడవు బాగా దొరుకుతుంది గానీ, 'అతి చిన్న నీడ ఏ నిమిషంలో' అన్నది పది నిమిషాలు తేడా కొట్టినా ఆశ్చర్యం లేదు. ఆ నిమిషం, ఉత్తర దిక్కు రెండూ ఖచ్చితంగా కావాలంటే పాత పద్ధతి ఉంది: మూలబిందువు కేంద్రంగా ఒక వృత్తం గీసి, ఉదయం మచ్చ వృత్తాన్ని దాటి లోపలికి వచ్చిన చోటు, మధ్యాహ్నం తర్వాత తిరిగి బయటికి పోయిన చోటు గుర్తించాలి. ఆ రెంటినీ కలిపే గీత తూర్పు పడమరలు, దాని లంబం ఉత్తర దక్షిణాలు, రెండు సమయాల సగటు స్థానిక మధ్యాహ్నం. శంకువుతో, అంటే నిలువుగా పాతిన మేకుతో, దిక్కులు తీసే ఈ పద్ధతి యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం కాత్యాయన శుల్బసూత్రంలో ఉంది. ఫోన్‌లోని దిక్సూచిని దీనితో పోల్చి చూడమనండి, గచ్చులోని ఇనుప చువ్వల వల్ల అది ఎంత తప్పుతుందో వాళ్లే కనిపెడతారు.

నెలకు రెండు కొలతలు చాలు. జూన్ 21, సెప్టెంబరు 23, డిసెంబరు 22 వదలకూడదు, సెలవు పడితే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. 100 సెం.మీ. ఎత్తుకు హైదరాబాద్ అక్షాంశంలో రావలసినవి: జూన్ 21న 10.6 సెం.మీ., అదీ దక్షిణం వైపు. సెప్టెంబరు 23న ఉత్తరం వైపు 31.3, డిసెంబరు 22న ఉత్తరం వైపు 86.3. ఈ అంకెలు టీచరు డైరీలోనే ఉండాలి. పిల్లలకు ముందు తెలిస్తే కొలతలు వాటంతట అవే సరిపోతాయి. మధ్యలో ఒక రోజు వెలుగు మచ్చ మూలబిందువు మీదుగానే పోతుంది, అదే శూన్య ఛాయ రోజు. ఆదిలాబాద్‌లో జులై 25 ప్రాంతంలో, హైదరాబాద్‌లో ఆగస్టు 3, విజయవాడలో ఆగస్టు 7, అనంతపురంలో 13, తిరుపతిలో 17, ఒక రోజు తేడాలో. వానాకాలం కాబట్టి మబ్బు పట్టొచ్చు. ఆ రోజుకు ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు కూడా కొలవండి. అప్పట్లో నీడ రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లే మారుతుంది, కాబట్టి రెండు పక్కల అంకెలుంటే మధ్య రోజు గ్రాఫ్ మీద దొరికిపోతుంది.

రెండు బడులు, ఒక భూమి

దూరంగా ఉన్న ఇంకో బడితో జత కుదిరితే ఇవే కొలతలతో భూమి చుట్టుకొలత తేలుతుంది. ఆదిలాబాద్, అనంతపురం జోడీ దీనికి చక్కగా సరిపోతుంది, రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఐదు డిగ్రీల ఎడంతో ఉన్నాయి. సెప్టెంబరు 23న ఆదిలాబాద్‌లో 35.7, అనంతపురంలో 26.2 సెం.మీ. ప్రాంతంలో రావాలి. రెండు బడులూ ఒకే తేదీన, ఎవరి స్థానిక మధ్యాహ్నానికి వాళ్లు కొలవాలి. ఫోన్ చేసుకుని ఒకే నిమిషంలో కొలవక్కర్లేదు.

తొమ్మిదో తరగతి వాళ్లకు త్రికోణమితి ఇంకా రాలేదు. గ్రాఫ్ కాగితం మీద 10 సెం.మీ. నిలువు గీత, పదో వంతుకు కుదించిన నీడ అడ్డగీత గీసి, రెంటి చివరలు కలిపితే పై మూలలో వచ్చే కోణాన్ని కోణమానినితో కొలుస్తారు. పదో తరగతి వాళ్లు టాన్ పట్టికతో సరిచూస్తారు. రెండు కోణాల తేడాతో 360ని భాగించి, ఉత్తర దక్షిణంగా ఉన్న దూరంతో గుణించాలి. ఇక్కడ ఆ దూరం సుమారు 550 కి.మీ., జవాబు 40,000 కి.మీ. దగ్గర పడాలి.

తప్పులు జరిగేది ఎక్కువగా దూరం దగ్గరే. ఫోన్ మ్యాపులో రోడ్డు దూరం తీసుకుంటారు, అది మలుపులతో పెరిగిపోతుంది. కొందరు తెలివిగా అక్షాంశాల తేడాను 111తో గుణిస్తారు, అంటే భూమి చుట్టుకొలత ముందే వాడేసుకున్నట్టు. అట్లాసులో రెండు ఊళ్ల మీదుగా తూర్పు పడమర గీతలు గీసి, వాటి మధ్య లంబదూరాన్ని మ్యాపు స్కేలుతో మార్చడమే సరైన దారి. నీడలో ఒక సెంటీమీటరు తప్పితే కోణం అర డిగ్రీ తప్పుతుంది, ఐదు డిగ్రీల్లో అది పదో వంతు, అంటే జవాబులో 4,000 కి.మీ. పక్క మండలంలోని బడితో జత కట్టొద్దని చెప్పేది ఇందుకే: తేడా అర డిగ్రీ ఉంటే తప్పే జవాబంత అవుతుంది. 36,000 వచ్చిన జట్టును తిరిగి చేయమనకండి. ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు తప్పితే 36,000 వస్తుందో వెనక్కి లెక్క కట్టమనండి.

సబ్బుతో నీటి కఠినత

మబ్బు రోజులకు ఈ పని. వాన నీళ్లు, బడి బోరు, ఊరి ట్యాంకు, 20 లీటర్ల క్యాన్ నీళ్లు, ఒక్కొక్క జట్టు ఒక్కో వీధి నుంచి అర లీటరు తెస్తే ఊరంతటి పటం తయారవుతుంది.

స్నానపు సబ్బును తురిమి 1 గ్రాము తూచి, గోరువెచ్చని 100 మి.లీ. బ్యాటరీ వాటర్‌లో కరిగించండి. బట్టల పౌడర్, డిటర్జెంట్ బార్ వాడితే ప్రయోగం మొదట్లోనే పోతుంది, అవి కఠిన జలంలోనూ నురుగు కట్టేలా చేసినవి. మూత ఉన్న చిన్న సీసాలో 20 మి.లీ. నీళ్లు తీసుకుని, సూది లేని సిరంజితో సబ్బు ద్రావణం 0.5 మి.లీ. వేసి, మూత పెట్టి పదిసార్లు ఊపాలి. నురుగు రెండు నిమిషాలు నిలవకపోతే మళ్లీ 0.5. నిలిచేదాకా ఎంత పట్టిందో రాయాలి. బ్యాటరీ వాటర్‌తో కూడా ఒకసారి చేసి, దానికి పట్టినంతా మిగతా వాటిలోంచి తీసేయాలి. ప్రతి నమూనాకు మూడుసార్లు, అన్నిసార్లూ ఒకే పిల్లవాడు ఊపితే మంచిది, చేతి ఊపు మారితే నురుగు మారుతుంది. బాగా కఠినమైన బోరు నీళ్లకు ఐదారు మి.లీ. పట్టొచ్చు, క్యాన్ నీళ్లకు మొదటి అరతోనే నురుగు నిలుస్తుంది.

తర్వాత అదే నీళ్లు 100 మి.లీ. పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి మళ్లీ పరీక్షించండి. తగ్గినంతా తాత్కాలిక కఠినత. మరిగేటప్పుడు ఆవిరైపోయిన నీటికి బదులు బ్యాటరీ వాటర్ పోసి తిరిగి 100 మి.లీ. చేయడం మరిచిపోతే, లవణాలు చిక్కబడి మరిగించిన నీళ్లే ఎక్కువ కఠినంగా కనిపిస్తాయి. వడకట్టకపోయినా అంతే, అడుగున చేరిన తెల్లపొడి సబ్బుతో కలిసిపోతుంది.

ఫలితాన్ని 'ఇన్ని మి.లీ. సబ్బు' అనే రాయించండి. 'ఈ నీళ్లు తాగొచ్చు, తాగకూడదు' అని మాత్రం రాయనివ్వకండి. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడ్ లాంటిది సబ్బుకు చిక్కదు, దానికి వేరే పరీక్ష కావాలి. ఊళ్లో ఒక వాటర్ ప్లాంటు మంచిదనో చెడ్డదనో పిల్లల చార్టు ప్రకటిస్తే వచ్చే గొడవ మీకు తెలియంది కాదు.

ఫెయిర్, ఇన్‌స్పైర్, మార్కులు

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి కొత్తగా ఏమీ చేయించకండి. రామన్ ఎఫెక్ట్ వెల్లడైన 1928 నాటి ఆ తేదీకి పిల్లల నోటుబుక్కులు, గ్రాఫులు బల్ల మీద పెట్టి, వచ్చినవాళ్ల చేత ఒక కొలత తీయిస్తే చాలు. ఫెయిర్‌లో చార్టు ఒకటే: ప్రశ్న, కొలిచిన తీరు, అంకెల పట్టిక, గ్రాఫ్, తేడాలు ఎందుకు వచ్చాయి. జడ్జి రాకముందే పక్క జట్టు చేత అడిగించాల్సినవి మూడు: ఏది మార్చారు, ఏది మారకుండా చూశారు, ఎన్నిసార్లు చేశారు.

బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం సాయమిచ్చే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి ఎంపికైన ఆలోచనకు పది వేల రూపాయలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాకు వస్తాయి. అక్కడ కావలసింది సొంత ఆలోచన. నీడ కొలత పంపితే నడవదు గానీ, కొలిచేటప్పుడు ఎదురైన ఇబ్బందికి పిల్లలు కట్టిన ఉపాయం పంపితే నడుస్తుంది. ఖాతాలో పేరు, రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ముందే చూసుకోండి. బాలల సైన్స్ కాంగ్రెస్‌కైతే స్థానిక సమస్య మీద సేకరించిన అంకెలే ప్రాణం, ఊరి నీటి పటం అలాగే పనికొస్తుంది. నిబంధనలు ఏటా సవరిస్తుంటారు కాబట్టి ఆ ఏటి సర్క్యులరే ప్రమాణం.

తల్లిదండ్రులు, కొందరు తోటి టీచర్లు 'దీనికి మార్కులేవి' అంటారు. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. క్లబ్ నోటుబుక్కునే ప్రాజెక్టు రికార్డుగా తీసుకోండి. నెట్‌లో ప్రింటు తీసి అంటించే ప్రాజెక్టుకు, దీనికి తేడా పేజీ తిప్పగానే కనిపిస్తుంది.

డిసెంబరు కొలత అయ్యాక జూన్‌లో దాచిన కాగితాలు తీసి, అదే బొమ్మ మళ్లీ గీయించండి. క్లబ్‌లో లేని ఒక సెక్షన్ చేత కూడా గీయించి పోల్చండి. క్లబ్ పిల్లల్లో కూడా నీడ ఉత్తరానికి వేసి, పొడవు మాత్రం ఊహించి రాసినవాళ్లు కనబడితే, వాళ్లు జట్టులో ఎప్పుడూ గడియారం దగ్గరే ఉండిపోయారేమో వంతుల పట్టిక చూడండి.

వేసవి సెలవుల్లో శూన్య ఛాయ రెండోసారి వస్తుంది: అనంతపురంలో ఏప్రిల్ 30 దగ్గర, విజయవాడలో మే 6, హైదరాబాద్‌లో మే 9, ఆదిలాబాద్‌లో మే 19 దగ్గర. అమ్మమ్మ వాళ్లూరు వెళ్లే పిల్లలు ఆ ఊరి అక్షాంశాన్ని బట్టి తేదీ లెక్క కట్టుకుని వెళ్లాలి. చదునైన చోట నిటారుగా నిలబెట్టిన నీళ్ల సీసా చాలు. మూడు రోజుల కొలతలు, ఊరి పేరు, సమయం రాసి తెస్తే జూన్‌లో కొత్త నోటుబుక్కు మొదటి పట్టిక అదే.